విరుగుడు అనే మాటకు నేనాడిన బేరం

ఆరోగ్యశాఖలో ప్రచార విభాగమని ఒకటుంటుంది. దోమతెర వాడండి, బిడ్డకు చుక్కలు వేయించండి అంటూ గోడల మీదా, బస్సుల వెనకా కనిపించేవన్నీ రాయించేది ఆ విభాగం వాళ్ళే. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ముప్ఫై ఏళ్ళకు పైగా ఆ పని చేసి రిటైరయ్యాను. ఈమధ్య ఆ ఉద్యోగంలో కొత్తగా చేరిన ఒకమ్మాయి మా ఇంటికి వచ్చింది. ఇంగ్లీషు వైద్యం మాటల్ని తెలుగులో పెట్టడానికి కిటుకులేమైనా ఉంటే చెప్పమంది. తెలిసినవి నాలుగు చెప్పి, ఆశీర్వదించి పంపేశాను. ఆ అమ్మాయి గేటు దాటాక తెలిసింది, చెప్పవలసింది మాత్రం చెప్పలేదని. అది ఇక్కడ రాస్తున్నాను. ఆమెకూ, ఆమె వెనక వచ్చేవాళ్ళకూ.

ముందు నా సంగతి. మాది గుంటూరులో కిరాణా కొట్టు. నాన్న, బాబాయిలు, మేనమామలు అందరూ గల్లాపెట్టె ముందు కూర్చున్నవాళ్ళే. చదువబ్బి నేనొక్కణ్ణి సర్కారు ఉద్యోగంలో పడ్డాను గానీ, బుద్ధి మాత్రం కొట్లోనే ఉండిపోయింది. ఏదైనా సరే, చెప్పిన చోట ఒప్పుకుంటే మోసపోయినట్టుండేది నాకు. పురోహితుడు నూటెనిమిదిసార్లు చదవమన్న మంత్రాన్ని పదకొండుకు దింపించిన ఘనుణ్ణి. పళ్ళ డాక్టరు మూడు పళ్ళు పీకాలంటే రెండుకు ఒప్పించి, మూడోది ఆర్నెల్ల తర్వాత నానా యాతనా పడి పీకించుకున్నవాణ్ణి.

ఆఫీసులోనూ అదే వరస. మా పనిలో సరుకంటే మాటలే. డాక్టర్లు ఇరవై మాటలు తెచ్చేవాళ్ళు. నేను ఆరుకు దింపేవాణ్ణి. "ఈయన చేతిలో పడితే భారతం కూడా పోస్టుకార్డు మీద పట్టేస్తుంది" అని మా పై అధికారి నలుగురిలో అనేవాడు. అది మెచ్చుకోలనే అనుకుని తిరిగాను.

తొంభైల చివరి సంవత్సరాలవి. పత్తికి పచ్చపురుగు పట్టి, ఏం కొట్టినా చావని రోజులు. సత్తెనపల్లి వైపు వెళ్ళినా, పర్చూరు వైపు వెళ్ళినా బస్సు కిటికీలోంచి మందు వాసనే. ఒక మందుకు లొంగకపోతే రెండు కలిపేవాళ్ళు, రెంటికీ లొంగకపోతే మూడు. వీపుకు పంపు తగిలించుకుని, ఒంటిమీద చొక్కా లేకుండా, ఎండలో, గాలికి ఎదురు నడుస్తూ కొట్టేవాళ్ళు. పొద్దున చేలోకి వెళ్ళినవాళ్ళు మధ్యాహ్నానికి కళ్ళు తిరిగి, నోటి వెంట చొంగ కారుతూ పడిపోయేవాళ్ళు. ఆసుపత్రికి వచ్చేసరికి పొద్దుపోయేది.

దీని మీద ఒక పోస్టరు చేసి, పురుగుమందుల కొట్లన్నిటిలో అంటించమని మాకు ఉత్తర్వు వచ్చింది. ఆ మందు డబ్బాలో మడతపెట్టిన కాగితం ఒకటుంటుంది. దాని చివర, చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో ఒక మాట ఉంటుంది: యాంటిడోట్. పక్కన ఒక సూదిమందు పేరు. రైతుకు చేరవలసింది ముఖ్యంగా ఆ ఒక్క మాట. దాన్ని తెలుగులోకి తేవడానికి నలుగురం కూర్చున్నాం. పెద్దాసుపత్రిలో ఇలాంటి కేసులు చూసే డాక్టరమ్మ, రిటైరైన తెలుగు మాస్టారు, బొమ్మలేసే పెయింటరు, నేను.

మాస్టారు కళ్ళజోడు సవరించుకుని, "ప్రతివిషం" అన్నారు.

"రైతు అది ఇంకో రకం విషమనుకుంటాడు మాస్టారూ. ఏ కొట్లో దొరుకుద్ది, ఎకరానికి ఎంత కొట్టాలి అని అడుగుతాడు" అన్నాను.

"పోనీ, విషహరౌషధం."

"పోస్టరు పట్టదండీ."

"నీకు పోస్టరు పట్టడమే గావాలి గానీ భాషక్కర్లేదు" అని ఆయన మొహం కిటికీ వైపు తిప్పుకున్నారు.

డాక్టరమ్మ నెమ్మదైన మనిషి. తక్కువ మాట్లాడేది. "ఆసుపత్రిలో డాక్టరు వేసే సూది, అని రాయండి. అంతకంటే ఇంకేం లేదు దాంట్లో" అంది.

"మేడమ్, ఒక్క ఇంగ్లీషు మాటకి నాలుగు తెలుగు మాటలు ఎవరైనా ఇస్తారా అండీ?"

"ఇదేమన్నా బేరమా?"

"బేరం కాదండీ. స్థలం."

పెయింటరు నా వైపే మాట్లాడాడు. "అక్షరం జానెడుంటేనే మేడమ్, రోడ్డు మీదికి కనపడేది. నాలుగు మాటలంటే బెత్తెడుకి దిగిపోద్ది."

అప్పుడు నా సరుకు బయటికి తీశాను. "విరుగుడు" అన్నాను. "పాముకి విరుగుడు, తేలుకి విరుగుడు. చదువురాని ముసలమ్మకి కూడా తెలిసిన మాట. ఒక్కటంటే ఒక్కటే మాట."

మాస్టారు ఇటు తిరిగి, "అచ్చతెలుగు" అని ఒప్పుకున్నారు. పెయింటరు గాలిలోనే వేలితో రాసి చూసుకున్నాడు. డాక్టరమ్మ మాత్రం తలూపలేదు.

"తెలిసిన మాటే. అందుకే నాకు భయం. విరుగుడనగానే వాళ్ళకి ఎవరు గుర్తొస్తారో, ఎవరి దగ్గరికి పరిగెడతారో మనకి తెలీదు."

అరగంట వాదులాడుకున్నాం. చివరికి ఒక ఒప్పందానికొచ్చాం. పెద్దక్షరాల్లో నా మాట ఉంటుంది. కింద చిన్నక్షరాల్లో ఆమె మాట: 'విరుగుడంటే ఆసుపత్రిలో డాక్టరు వేసే సూది మాత్రమే.' పోతే, అచ్చుకిచ్చే ముందు వారం రోజులు పల్లెల్లో తిరిగి, నలుగురికి చూపించి రావాలని ఆమె షరతు పెట్టింది. వారాన్ని ఒక్క రోజుకు దింపాను. అది కూడా నాకు గెలుపే అనిపించింది ఆ పూట.

ఆ ఒక్క రోజు కూడా నేను పల్లెకు వెళ్ళలేదు. మా ఆఫీసు అటెండరుకూ, క్యాంటీనులో ఇడ్లీలు వేసే ఆయనకూ చూపించి, "అర్థమైందా?" అని అడిగాను. "ఎందుకవదండీ" అన్నారిద్దరూ. అచ్చు నమూనా చేతికొచ్చినప్పుడు చూస్తే కింది లైను వల్ల పెద్దక్షరాలు కాస్త కుంచించుకుపోయాయి. చిన్నక్షరాలు ఎవడు చదువుతాడులే అనుకుని ఎర్ర పెన్నుతో ఆ లైను కొట్టేశాను. డాక్టరమ్మను అడగలేదు. అడిగితే మళ్ళీ అరగంట.

కొత్తగా చేరినవాళ్ళు ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. అర్థమైందా అని ఎవరినీ అడగకండి. సర్కారు ఉద్యోగి అడిగితే మన జనం అయిందనే అంటారు, కాలేదంటే ఎక్కడ నొచ్చుకుంటామోనని. ఇది చదివాక ఇప్పుడేం చేస్తావు, ముందు ఎక్కడికి వెళ్తావు అని అడగండి. నేనది అడగలేదు.

పోస్టరు బ్రహ్మాండంగా వచ్చింది. పసుపు పచ్చ కాగితం మీద ఎర్రటి అక్షరాలు. 'మందు కొట్టేటప్పుడు కళ్ళు తిరిగాయా? ఒళ్ళు కడగండి. భయం వద్దు. విరుగుడు ఉంది.' రెండు జిల్లాల్లో పురుగుమందుల కొట్లన్నిటికీ పంపాం. కొట్లవాళ్ళు కూడా ముచ్చటపడి, గల్లాపెట్టె వెనక గోడకే అంటించుకున్నారు. సత్తెనపల్లి వెళ్ళినప్పుడు బస్సు దిగకుండానే మూడు కొట్లలో ఆ మాట చదివి, మీసం దువ్వుకున్నాను.

నెలన్నర గడిచింది. ఒక రోజు పొద్దున ఆఫీసుకు డాక్టరమ్మ ఫోను చేసింది.

"మీ పోస్టరు చదివినామె ఒకామె నా వార్డులో ఉంది. వీలైతే రండి."

మెచ్చుకోవడానికి పిలుస్తోందనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. ఇస్త్రీ చొక్కా తొడుక్కున్న రోజు కావడం మంచిదైందనుకుంటూ వెళ్ళాను.

వార్డులో కిటికీ పక్క మంచం మీద నలభై ఏళ్ళ మనిషి. చేతికి సెలైను. కౌలుకు తీసుకుని పత్తి వేసిన రైతు. పక్కన స్టూలు మీద అతని భార్య. సన్నగా, గట్టి గొంతుతో మాట్లాడే మనిషి. పెద్దయ్యాక వయోజన విద్య తరగతిలో అక్షరాలు నేర్చుకుందట. డాక్టరమ్మ నన్ను చూపించి, "ఈయన ఆ పోస్టర్ల ఆఫీసు నుంచి వచ్చారు. జరిగింది చెప్పమ్మా" అని మాత్రం అని, పక్క మంచానికి వెళ్ళింది.

ఆమె చెప్పింది. నిన్న పొద్దున పదకొండు గంటలప్పుడు చేలో పడిపోయాడట. ఒళ్ళు కడిగింది, బట్టలు మార్చింది.

"పోస్టర్లో అట్టనే ఉంది గదండీ. నేను చదివా. మా ఊరి కొట్లో ఉంది ఆ కాయితం. వచ్చేటప్పుడూ పొయ్యేటప్పుడూ చదువుతానే ఉన్నా. చివర్న విరుగుడు ఉంది అని ఉంది. సరే, ఆయన్ని ట్రాక్టరు ట్రక్కులో గోతాల మీద పడుకోబెట్టి మా ఊరి కొట్టు కాడికి తీసకపొయినా. విరుగుడు ఇవ్వండయ్యా అన్నా."

"కొట్టు కాడికా?" అన్నాను.

ఆమె నన్ను వింతగా చూసింది. "కొట్లో గోడకే గదండీ కాయితం ఉంది. కొట్లో గోడకి దేని బొమ్మ ఉంటే అది ఆ కొట్లో అమ్ముతారు గదా."

కొట్లో పుట్టి పెరిగినవాణ్ణి. గోడకు సబ్బు బొమ్మ ఉంటే లోపల సబ్బులుంటాయని, తారాజువ్వ బొమ్మ ఉంటే టపాకాయలుంటాయని నాకంటే ఎవరికి తెలియాలి? కమిటీలో మిగతా ముగ్గురికీ తోచకపోతే వాళ్ళ తప్పు కాదు.

"తర్వాత?"

"కొట్టాయన నిండుకుంది అన్నాడు. పక్కూళ్ళో పెద్ద కొట్టుంది, ఆడ దొరుకుద్ది అన్నాడు. పొయినాం. ఆడా అంతే. ఇయ్యాల నిండుకుందమ్మా, టౌనులో చూడు అన్నాడు."

ఇక్కడ ఒక మాట చెప్పాలి, మీలో కొట్టు ఎరగనివాళ్ళకు. ఇంట్లో బియ్యం అయిపోతే మన ఆడవాళ్ళు లేవని అనరు, నిండుకున్నాయంటారు. కొట్లో ఆ పట్టింపు ఇంకా ఎక్కువ. లేదన్న మాట గల్లాపెట్టె ముందు పలక్కూడదు, పలికితే లక్ష్మి గడప దాటుతుందని మా నాన్న నమ్మకం. వచ్చినవాడు ఏనుగు కావాలని అడిగినా నిన్ననే నిండుకుందనాలి, ఎదురు కొట్లో చూడమనాలి. ఆ ముక్క నాలిక మీద పడేదాకా ఆయన నన్ను గల్లాపెట్టె దగ్గర కూర్చోనివ్వలేదు. కొట్టాయన ఈమెకు అబద్ధం చెప్పాలని చెప్పలేదు. అలాంటి వస్తువు తన కొట్లో ఏనాడూ లేదని ఆమెతో అనడానికి అతనికి నోరు రాలేదు. రెండో అతనూ అంతే. నిండుకుందంటే నిన్నటిదాకా ఉన్నట్టే గదా. ఆమె ఇంకో కొట్టుకు పరిగెత్తింది. ట్రక్కులో మొగుడు, చుట్టూ గోతాలు, నెత్తిన ఎండ.

"మూడో కొట్లో కొట్టాయన భోజనానికి పొయ్యాడండి. ఆయన తల్లి కూర్చోనుంది. ముసలామె. నన్నూ ట్రక్కునీ చూసి, అట్టాంటిది మా దగ్గర లేనేలేదు, ముందు ఆసుపత్రికి తీసకపొమ్మని అరిచింది. అప్పుడు ఆడ ఆసుపత్రికి పొయినాం. సూదులు వేసి ఇక్కడికి పంపారు. సాయంత్రమైపొయింది."

సెలైను సీసా వైపు చూపిస్తూ అడిగింది. "విరుగుడంటే ఈ సూదేనంట గదండీ. డాక్టరమ్మ చెప్పింది."

"అవునమ్మా."

"మరి సూది అని రాస్తే సరిపొయ్యేది గదా."

ముప్ఫై ఏళ్ళ సర్వీసులో నా పని మీద అంతకంటే సరైన విమర్శ ఎవరూ చేయలేదు.

వరండాలో డాక్టరమ్మ నిలబడి ఉంది. "నేను చెప్పిన లైను ఏమైందండీ?" అంది.

"స్థలం చాల్లేదు మేడమ్."

ఆమె కోప్పడి ఉంటే బాగుండేది. కేసు షీటు తిరగేస్తూ ఉండిపోయింది. నేనే ఆగలేక అడిగాను. "నాలుగు గంటలు ముందొస్తే తేడా ఉండేదా అండీ?"

"ఉండేది."

"చాలానా? లేకపోతే ఏదో కాస్త..."

ఆమె తలెత్తి చూసింది. "నాతో బేరమాడకండి" అంది.

మర్నాడు మళ్ళీ వెళ్ళాను. ఎందుకు వెళ్తున్నానో ఇంట్లో చెప్పలేదు. అతను మంచం మీద దిండ్లకానుకుని కూర్చుని ఉన్నాడు. మొహం తేటగా ఉంది. చొంగ లేదు, చెమటలు లేవు. నన్ను చూసి నవ్వాడు.

"తమరేనా సార్ పోస్టర్లాయన? మా ఆవిడ నన్ను మూడు కొట్లు తిప్పిందంట. చీర కొనేటప్పుడు కూడా ఇన్ని కొట్లు తిరగదండీ. మొదటి కొట్లోనే తెగ్గొట్టుద్ది."

"నీకు సిగ్గుండాలి. ఆ ట్రక్కులో నువ్వు మూలుగుతుంటే నా పేణం పొయింది" అంది ఆమె.

"పొయ్యేది నాదిగదే. నీదెందుకు పోద్ది?"

పక్క మంచాలవాళ్ళు కూడా నవ్వారు. నేనైతే కావలసినదానికంటే గట్టిగా నవ్వాను. గండం గడిచిందనుకున్నాను. బజారుకెళ్ళి బత్తాయిలు కొని తెచ్చాను. జీవితంలో మొదటిసారి బేరమాడకుండా కొన్న సరుకవి. చెప్పకుండా బయటపడిపోవచ్చన్న ఆశ ఒకటి ఆ బత్తాయిల అడుగున ఉంది. ఆ మాట రాసింది నేనేనని వాళ్ళకింకా చెప్పలేదు. పోస్టర్ల ఆఫీసులో ఎంతోమంది ఉంటారు. నేను వాళ్ళలో ఒకణ్ణి. అంతవరకే వాళ్ళకు తెలుసు.

మూడో రోజు అతను దిండు మీంచి తల ఎత్తలేకపోయాడు. తెలివి ఉంది, మాట ఉంది, మెడలో మాత్రం బలం లేదు. "ఏందే, నా తలకాయ ఇంత బరువుందేంది? లోపల బుర్రుందని ఇన్నాళ్ళకి తెలిసింది" అన్నాడు భార్యతో. ఆమె నవ్వింది. డాక్టరమ్మ నవ్వలేదు. ఈ మందులతో ఒక్కోసారి ఇలాగే అవుతుందనీ, తగ్గినట్టు కనిపించాక కండరాలు చచ్చుబడతాయనీ, ముందు మెడ, తర్వాత ఊపిరి అనీ వరండాలోకి తీసుకెళ్ళి చెప్పింది. సాయంత్రానికి గొంతులో గొట్టం వేసి మిషనుతో ఊపిరి పెట్టారు. ఆ తర్వాత అతని మాట ఎవరూ వినలేదు. భార్య ఏదైనా అంటే కళ్ళతో జవాబు చెప్పేవాడు.

ఆరో రోజు పొద్దున, వార్డు కడుగుతున్న వేళ పోయాడు.

కాగితాలు తయారయ్యేదాకా ఆమె వరండాలో గోడకానుకుని కూర్చుంది. ఏడ్చి ఏడ్చి ఆగిపోయింది. వాళ్ళ బావగారు, అంటే అతని అన్న, ఊరి నుంచి బయల్దేరాడట, ఇంకా రాలేదు. నేను పక్కన కింద కూర్చున్నాను. వెళ్ళిపోవచ్చు. చెప్పులు కూడా కాళ్ళకే ఉన్నాయి.

"అమ్మా, ఆ విరుగుడన్న మాట రాసింది నేనే. డాక్టరమ్మ సూది అనే రాయమంది. కింద రాసిన లైను కూడా నేనే కొట్టేశాను."

తిడుతుందనుకున్నాను. కొడుతుందని కూడా అనుకున్నాను, కొడితే పడదామనే కూర్చున్నాను.

"మా బావగారు మొన్న చూడ్డానికొచ్చి పొయిన కాడ్నుంచి నన్ను అంటన్నాడండి" అంది చివరికి. "చదువుకున్నానని బయల్దేరి మొగుణ్ణి కొట్ల చుట్టూ తిప్పి చంపిందంట. మా అత్తా అదే అంటంది. ఊరు ఊరంతా అదే అనుద్ది ఇంక. మీరొకసారి మా ఊరొచ్చి, ఇప్పుడు నాతో అన్నారే, ఆ మాట వాళ్ళ ముందర అనండి."

"వస్తానమ్మా."

"తప్పకుండా రండి."

ఆ రోజే అతన్ని ఊరికి తీసుకెళ్ళిన ట్రాక్టరు వెనక వెళ్ళి ఉండవలసింది. వెళ్ళలేదు. ముందు పోస్టరు మార్పిద్దాం, కొత్తది చేత్తో పట్టుకుని వెళ్దాం అనుకున్నాను. వట్టి చేతులతో ఒకరి గడప ఎక్కడం కొట్లో పుట్టినవాడికి చాతకాదు.

పై అధికారికి కాగితం రాశాను. ఆయన మంచివాడే. "రాతపూర్వకంగా ఎందుకయ్యా ఇవన్నీ? పాతవి చింపేసి కొత్తవి అంటించు, పోయె" అన్నాడు. కొత్తదాని కోసం మళ్ళీ నలుగురం కూర్చున్నాం. ఈసారి అరగంట పట్టలేదు. డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను. మాస్టారు కూడా దిద్దలేదు. 'మందు కొట్టేటప్పుడు కళ్ళు తిరిగితే ఒళ్ళు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. డాక్టరు సూది వెయ్యాలి. మందు డబ్బా కాగితం వెంట తీసుకెళ్ళండి. దీనికి మందు ఈ కొట్లో దొరకదు.' అక్షరాలు బెత్తెడుకు దిగాయి. పెయింటరు నోరెత్తలేదు.

పాతవి చింపి కొత్తవి అంటించడానికి కొట్టు కొట్టుకూ నేనే తిరిగాను. చివరి లైను దగ్గర ప్రతి కొట్లోనూ పేచీయే. "దొరకదని మా గోడ మీద రాస్తారేందండీ? పొద్దున్నే సాంబ్రాణి వేసుకునే చోటు. అది కొట్టెయ్యండి, మిగతాది ఉంచుకుంటాం." వాళ్ళతో వాళ్ళ భాషలోనే కొట్లాడాను. నా కులవిద్యంతా అక్కడ ధారపోశాను. కొందరు ఒప్పుకున్నారు. కొందరు నేను వెళ్ళేదాకా ఆగి, ఆ లైను మీద క్యాలెండరు తగిలించుకున్నారు. ఆమె ఊరి కొట్టాయన మాత్రం ఏమీ అనకుండా తానే మైదా పూసి అంటించాడు. "లేదని చెప్పాల్సిందండీ ఆ పొద్దు" అన్నాడు నా మొహం చూడకుండా.

అలా ఆమె గడప ఎక్కేసరికి నెల దాటింది.

వసారాలో ప్లాస్టిక్ కుర్చీ వేశారు. అన్నగారు, యాభై ఏళ్ళ మనిషి, భుజం మీద తుండుతో ఎదురుగా మంచం మీద కూర్చున్నాడు. తల్లి గోడవారన. వీధిలోంచి ఇద్దరు ముగ్గురు వచ్చి అరుగు మీద చేరారు. ఆమె గుమ్మం దగ్గర నేల మీద కూర్చుంది. ఆ వీధి ఆడవాళ్ళు ఉత్తరాలొస్తే ఆమె చేతే చదివించుకునేవాళ్ళట. నెల రోజులుగా ఒక్కరు కూడా కాగితం పట్టుకుని రాలేదని కొట్టాయన చెప్పాడు.

చెప్పాను. కమిటీ సంగతి, ఎర్ర పెన్ను సంగతి, అన్నీ చెప్పాను. "ఈవిడ సరిగ్గానే చదివింది. చదివినట్టే చేసింది. తప్పుగా రాసింది నేను" అన్నాను.

అన్నగారు తుండుతో మొహం తుడుచుకున్నాడు. "తమరు పెద్దమనసు గలోళ్ళు కాబట్టి మీ మీదేసుకుంటన్నారు" అన్నాడు.

"మీదేసుకోవడం కాదండీ. జరిగింది చెబుతున్నాను."

"అంత దూరం నుంచి మా గడపలోకొచ్చారు, అది చాలు మాకు. గవర్నమెంటోళ్ళు ఊరికే రాస్తారా అండీ? నలుగురు డాక్టర్లు కూర్చుని రాసుంటారు. మీ రాతలో తప్పేం ఉంటది?"

"ఉంది. ఆ తప్పు నాది."

"విరుగుడంటే ఏందో మాకు తెలీదా? మాకు తెలిసిందే రాశారు మీరు. చదివేవాళ్ళకి బుర్రుండాలి."

అరుగు మీద ఎవరో "అదీ నిజమే" అన్నారు. తల్లి కొంగు నోట్లో కుక్కుకుంది. "ఇది గనక చదవకుండా ఉంటే మా నాయన తిన్నగా ఆసుపత్రికి పోయుండేవాడు" అంది, ఎవరితోనని కాకుండా.

ఇంకో విధంగా చెప్పి చూశాను. గట్టిగా చెప్పాను, మెత్తగా చెప్పాను. కావాలంటే కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇస్తానన్నాను. ఎంత చెప్పినా అన్నగారు చేతులు జోడించి తలూపుతున్నాడు. నా తప్పు వాళ్ళ ముందు పెడుతుంటే, వాళ్ళు దాన్ని మర్యాదగా నాకే తిప్పి పంపుతున్నారు. ఎన్నో బేరాలు ఆడినవాణ్ణి, పుచ్చుకోని మనిషికి అంటగట్టడమెలాగో నాకు తెలియలేదు. నెల కిందట వచ్చి ఉంటే వినేవాళ్ళేమో. ఆ పాటికి ఆ మాట ఊళ్ళో గట్టిపడిపోయింది.

గుమ్మం దగ్గర నుంచి ఆమె అంది, "బావగారూ, ఆయన చెప్పేది ఒక్కసారి వినండి."

ఆయన అటు తిరగలేదు. "పెద్దోళ్ళు మాట్లాడేటప్పుడు నీకేం పని? లోపలికెళ్ళి సారుకి కాఫీ పట్రా."

ఆమె నా వైపు చూసింది. నేను ఆ కుర్చీలోంచి లేవవచ్చు. ఈమె తెస్తే నేను తాగనని అనవచ్చు. లేవలేదు, అనలేదు. ఆమె లోపలికి వెళ్ళి, స్టీలు గ్లాసుతో వచ్చి, నా చేతికిచ్చి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. బయటికి రాలేదు.

"చల్లారిపోద్దండీ, తాగండి" అన్నాడు అన్నగారు.

తాగాను.